గీత అవతలే పడిన బంతులు

మా గుడి బడి పిల్లలు ఒక పత్రిక మొదలుపెట్టారు. అందులో పెద్దల ఉద్యోగ జ్ఞాపకాలకి ఒక పేజీ ఉందట, నన్ను రాయమన్నారు. నాకింకా ముప్పై నిండలేదు. నేను పెద్దల్లో ఎప్పుడు కలిశానర్రా అని అడిగితే, "మీరు రిటైరయ్యారు కదన్నా" అన్నారు. కాదనలేకపోయాను. నేను చేసిన ఉద్యోగం ఇప్పుడు లేదు, ఇచ్చిన సంస్థ లేదు, ఆ ఆటే ఈ ఊళ్ళో లేదు. మామూలుగా ఉద్యోగం ఉంటుంది, మనిషి దిగిపోతాడు. నా విషయంలో మనిషి ఉన్నాడు, ఉద్యోగం దిగిపోయింది. పింఛను ఒక్కటి తప్ప రిటైరైన మనిషికి ఉండవలసినవన్నీ నాకున్నాయి. నడుం నొప్పి ఉంది, తీరిక ఉంది, అడక్కపోయినా చెప్పాలనిపించే కథ ఒకటుంది. ఈసారి అడిగారు కూడా.

నేను చేసిన పని, యాంగోన్‌లో ఆడవాళ్ళ ఇండోర్ బీచ్ వాలీబాల్ లీగుని టీవీలో మొదలుపెట్టడం. ఈ మాట విన్న ప్రతివాళ్ళూ ఇంకోసారి చెప్పమంటారు. బీచ్ అంటే సముద్రపు ఒడ్డు కదా, ఇండోర్ అంటే ఇంట్లో కదా, ఇంట్లో ఒడ్డేమిటి అని మా నానమ్మ అడిగింది. ఇసుక తెచ్చి లోపల పోస్తారు నానమ్మా అన్నాను. మరి సముద్రమో అంది. సముద్రం తేరట అన్నాను. అయితే సగం పనేనన్నమాట, అని మళ్ళీ కూర తరుక్కుంది.

ఇంట్లో ఎందుకంటే వాన. ఏడాదిలో సగం రోజులు మన ఊళ్ళో బయట ఆడగలిగేది కప్పలే. మా యజమానిని అందరూ ఊలే అనేవారు, చిన్నాన్న వరస కలిపి. ఆయనది వంటనూనె వ్యాపారం. లత బజారు దాటాక నదివైపు ఆయనకి పాత బియ్యపు గోడౌను ఒకటి ఖాళీగా ఉండేది. చిన్న టీవీ చానల్లో వాటా ఉండేది, ఆ చానలూ ఖాళీగానే ఉండేది. ఒక ఖాళీని తీసుకెళ్ళి ఇంకో ఖాళీలో పోస్తే రెండూ నిండుతాయని ఆయన నమ్మాడు. నూనె వ్యాపారంలో ఇలాంటివి జరుగుతాయేమో నాకు తెలియదు.

నన్ను వ్యాఖ్యాతగా తీసుకున్నారు. అంతకుముందు మా పేట మింగళ తౌంగ్‌న్యున్‌లో వీధి ఫుట్‌బాల్ పోటీలకి మైకు పట్టుకునేవాణ్ణి. గోల్ పడని మ్యాచిని కూడా పడ్డట్టు చెప్పేవాడినని పేరు. చేరిన రోజున రెండు పనులు అప్పగించారు. ఆట నియమాల పుస్తకం ఇంగ్లీషులో ఉంది, దాన్ని బర్మీస్‌లోకి మార్చడం ఒకటి. ఆట మొదలయ్యేదాకా వ్యాఖ్యాతకి పనుండదు కాబట్టి ఇసుక సంగతి చూడటం రెండోది.

ఇసుకలో చూడ్డానికేముందని నేనూ అనుకున్నాను. ట్వంటే కాలువ మీదుగా పడవలో వచ్చిన మొదటి ఇసుక ఇల్లు కట్టుకోవడానికి చాలా మంచిది. అమ్మాయిలు దానిమీద ఒక పూట దొర్లి లేచేసరికి మోకాళ్ళు కోరాం పెట్టి కోరినట్టయ్యాయి. రెండోసారి వచ్చింది పిండిలాంటి ఇసుక. నాలుగడుగులు వేస్తే గోడౌనంతా పొగ లేచి, కెమెరాలో ఆట కాక అగ్నిప్రమాదం కనిపించింది. మూడోసారి మా కోచ్ తానే ట్వంటే వస్తానంది.

ఆవిడని అందరం సయామ అనేవాళ్ళం, అంటే పంతులమ్మ. ఒకప్పుడు దేశం తరఫున వాలీబాల్ ఆడిన మనిషి. మోకాళ్ళు పోయాయి, గొంతు పోలేదు. ఒడ్డున కుప్ప పోసిన ఇసుక ముందు నిలబడి గుప్పెడు తీసి చూస్తుందని, వాసన చూస్తుందని, నేను పక్కన నిలబడి నేర్చుకోవడానికి సిద్ధంగా ఉన్నాను. ఆవిడ వెనక్కి తిరిగి, చేతులు చాపి, వెల్లకిలా పడిపోయింది. పడవవాళ్ళు నీళ్ళు పట్టుకుని పరుగెత్తుకొచ్చారు. ఆవిడ పడుకునే ఆకాశం చూస్తూ, ఇది పనికొస్తుంది, ఎత్తించు అంది. పడితే తెలియకూడదు, లేస్తే అంటకూడదు, అదీ లెక్క. అప్పటినుంచి ఎక్కడ ఇసుక కనిపించినా ఒకసారి పడి చూడాలనిపిస్తుంది నాకు. ఇసుక గురించి అంతకుమించిన జ్ఞానం అబ్బలేదు.

అమ్మాయిలు దేశంలో నాలుగు మూలల నుంచీ వచ్చారు. గోడౌను మేడమీదే వాళ్ళ బస. వసారాలో తీగ కట్టి ఆట బట్టలు ఆరేసుకునేవారు. ఆడవాళ్ళ బట్టల కిందినుంచి వెళ్తే మగవాడి మహత్తు పోతుందని మన దగ్గర నమ్మకం కదా, కెమెరావాళ్ళు అంతంత బరువులు మోసుకుంటూ వంటింటి చుట్టూ తిరిగి వచ్చేవారు. నాకు కుతూహలం ఎక్కువ. ఒకరోజు కావాలనే తీగ కిందినుంచి నడిచి, ఏం పోయిందో అని సాయంత్రం దాకా చూసుకున్నాను. ముందు ఏముండేదో తెలిస్తే కదా ఏం పోయిందో తెలియడానికి.

ఆ అమ్మాయిల్లో అందరికంటే పొడుగైన పిల్ల మా పేటదే. రైల్వే క్వార్టర్స్‌లో ఇల్లు. తాతల నాడు గంజాం నుంచి వచ్చిన కుటుంబం, తండ్రి పట్టాల మీద పని చేసేవాడు. వీధిలో ఆమెని కరెంటు స్తంభం అనేవారు, ప్రేమగానే. మిగతావాళ్ళకి తెలియకూడని మాటలు మేమిద్దరం తెలుగులో చెప్పుకునేవాళ్ళం. ఆమెకి ఇంటి మాటలన్నీ వచ్చు, అక్షరాలు రావు. నాకు బడిలో నేర్చిన అక్షరాలు వచ్చు, మాట దగ్గర తడుముకుంటాను. ఇద్దరి తెలుగూ కలిపితే ఒక మనిషికి సరిపోతుంది. నెట్ దగ్గర ఆమె ఎగిరితే చూడ్డానికి వంటమనిషి కూడా గరిటె పట్టుకుని వచ్చేది. ఆమె సర్వీసు కొడితే బంతి ఎక్కడ పడాలనుకుందో అక్కడే పడేది. ఏడాది సాధనలో ఆమె సర్వీసు గీత దాటి బయట పడటం నేను చూడలేదు.

నియమాల సంగతి కాస్త చెప్పాలి. ఈ ఆటలో పక్కకి ఇద్దరే. సర్వీసు బయట పడినా, నెట్‌లోకి పోయినా అవతలి వాళ్ళకి పాయింటు, తరవాతి సర్వీసూ వాళ్ళకే. ఇరవై ఒకటి చేరిన జట్టు గెలిచినట్టు, కాని కనీసం రెండు పాయింట్ల తేడా ఉండాలి. తేడా లేకపోతే ఆట సాగుతూనే ఉంటుంది. ఎందాకా సాగుతుందో పుస్తకంలో రాయలేదు. అనుమానం వచ్చి నేను మళ్ళీ మొదటినుంచి చదివాను, నిజంగానే రాయలేదు. టీవీవాళ్ళకి ఇది నచ్చలేదు. ఆట తరవాత పాటల కార్యక్రమం ఉంది కాబట్టి ఎక్కడో ఒకచోట గిరి గీద్దామన్నారు. సయామ ఒప్పుకోలేదు. రెండు తేడా లేనిది గెలుపు కాదు, తొందరగా ఉంటే పాటలు మానుకోండి అంది. ఆవిడ గొంతు ముందు చానల్ గొంతు నిలవలేదు. నియమం ఉన్నదున్నట్టు ఉండిపోయింది.

అంతలో రోగం వచ్చి ఊరు మూసేశారు. విమానాలు ఆగిపోయి, విదేశం నుంచి రావలసిన నెట్ రాలేదు. చేపల వలలు అల్లేవాళ్ళ చేత అల్లించుకున్నాం. బసలో ఉన్నవాళ్ళం బసలోనే ఉండిపోయాం. లోకంలో ఎవరూ గుమ్మం దాటని రోజుల్లో మేం గుమ్మం దాటకుండానే బీచ్‌కి వెళ్ళి వచ్చేవాళ్ళం. రోగం కాస్త నెమ్మదించింది, ఇక ప్రారంభమే తరువాయి అనుకుంటుండగా, ఒక తెల్లవారుజామున ఫోన్లు పలకలేదు. ప్రభుత్వం మారిందన్నారు. మారిన పద్ధతి జనానికి నచ్చలేదు. తరవాతి రోజుల్లో ఊరంతా రోడ్డు మీద ఉంది. ఇసుక వేస్తే రాలనంత జనం అంటారే, అది నేను ఆ వారమే చూశాను. అప్పుడు ఊళ్ళో అంత ఇసుక మా దగ్గరే ఉండటం కాకతాళీయం.

ప్రభుత్వ ఉద్యోగులు పనులు మానేశారు. పొడుగమ్మాయి తండ్రి పట్టాల మీదికి వెళ్ళడం మానేశాడు. మా కెమెరావాళ్ళలో సగం మందీ, అంపైరూ, దీపాలతనూ వెళ్ళిపోయారు. పొద్దుగూకాక ఇంటింటా గిన్నెలు మోగించేవాళ్ళు, దయ్యాన్ని తరమడానికి. మా నానమ్మ పెళ్ళినాటి ఇత్తడి బిందె బయటికి తీసింది. దయ్యం పోయిందో లేదో చెప్పలేను, బిందె మాత్రం పోయింది.

ఇంకో కొత్త పద్ధతి కూడా వచ్చింది. సమ్మె విడిచి పనికి వెళ్ళినవాళ్ళతో, కొత్త ప్రభుత్వం వేడుకల్లో ఆడిపాడినవాళ్ళతో వీధి మాట్లాడదు. తిట్టదు, రాళ్ళు వేయదు, ఊరికే మాట్లాడదు. పొడుగమ్మాయి వీధిలో ఒక గుమాస్తా మళ్ళీ ఆఫీసుకి వెళ్ళాడు. సాయంత్రం టీ దుకాణంలో రోజూ కూర్చునే స్టూలు మీద కూర్చున్నాడు. టీ రాలేదు. అడిగాడు, ఎవరికీ వినపడలేదు. పక్క బల్లల మీద టీలు వస్తున్నాయి, పోతున్నాయి. చాలాసేపు కూర్చుని లేచి వెళ్ళిపోయాడట. ఆమె ఇంటికి వెళ్ళినప్పుడు కళ్ళారా చూసి వచ్చి మాకు చెప్పింది. చెబుతున్నంతసేపూ తన చేతిలోని టీ తాగలేదు.

సరిగ్గా అప్పుడు ఊలే, ప్రారంభం జరిగి తీరుతుందన్నాడు. కొత్త ప్రభుత్వంలో పైనుంచి ఒక పెద్దమనిషి వచ్చి కూర్చుంటాడు, టీవీలో ప్రత్యక్షంగా చూపిస్తారు. మొదటిరోజు కాబట్టి ఒకటే సెట్టు, గెలిచినవాళ్ళకి పెద్దమనిషి చేతుల మీదుగా కప్పు. ఆడపిల్లలు ఇసుకలో ఆడుకుంటూ కప్పు అందుకుంటుంటే ఊళ్ళో గొడవలున్నాయని ఎవరంటారు, అని ఆయన లెక్క. సయామ, నా పిల్లలు ఆడరు అంది. ఆ మధ్యాహ్నం మా మేనేజరు పొడుగమ్మాయిని పిలిపించాడు. చాలా నెమ్మదైన మనిషి. నాన్నగారి ఆరోగ్యం ఎలా ఉందని అడిగాడు. క్వార్టరు నంబరు తనకి తెలుసని చెప్పాడు. ఇంకేమీ అనలేదు, టీ కూడా ఇప్పించాడు.

ఆ సాయంత్రం ఆమె, నేను కోర్టులో ఇసుక చదును చేస్తున్నాం. ఇద్దరి చేతుల్లోనూ ఇసుక లాగే పళ్ళ కర్రలు. పైన మేడ మీద మిగతా అమ్మాయిలు గిన్నెలు వెతుక్కుంటున్న చప్పుడు.

"ఆడితే మా ఈదిలో నాకు మంచినీల్లు పుట్టవు. ఆడకపోతే మా నాన్న కోసం వస్తారు. ఏటి సెయ్యమంటావన్నా?" అంది.

జవాబు లేనప్పుడు నా నోట్లోంచి వేళాకోళం వస్తుంది, అది నా చేతుల్లో లేదు. కాలు విరగ్గొట్టుకో, ఎవరూ ఏమీ అనలేరు అన్నాను.

"ఇసకలో కాలెలా ఇరుగుతాది? నువ్వే గదా మెత్తటిది ఏరి తెచ్చావు."

అదీ నిజమే. కాసేపు కర్రలు లాగాం. తరవాత ఆమె ఆగి, సర్వీసు బయట పడితే పాయింటు అవతలోళ్ళకే కదా అని అడిగింది. అవునన్నాను. వాళ్ళదీ బయట పడితే అంది. మనకి అన్నాను. మళ్ళీ మనది పడితే అంది. నాకు కుతూహలం పుట్టింది. కూర్చుని ఇసుకలో వేలితో రాయడం మొదలుపెట్టాను. సున్నా ఒకటి, ఒకటి ఒకటి. ఒకటి రెండు, రెండు రెండు. తేడా ఒకటికి పోతుంది, మళ్ళీ మాయమవుతుంది, రెండుకి మాత్రం ఎన్నటికీ చేరదు. ఇరవై ఒకటి దాటినా అంతే, వంద దాటినా అంతే. నా పుస్తకంలోనే ఉన్న సంగతి, నేనే బర్మీస్‌లోకి మార్చిన సంగతి, నాకు అప్పటిదాకా కనిపించలేదు.

"అయితే ఆకర్ని ఏటవుతాది?"

"ఏటీ అవదు. అలా తెల్లారిపోతాది."

ఆమె ఆ అంకెలకేసి కాసేపు చూసి, కాలితో చెరిపేసింది. "బేగి ఇంటికెల్లు అన్నా. ఎల్లుండి నువ్వు సానా మాటాడాల" అంది.

దారంతా ఆ లెక్కే నా తలలో ఆడింది. ఇంటికెళ్ళి నానమ్మకి, ఎన్నటికీ ముగియని ఆట ఒకటుంది తెలుసా అని బియ్యపు గింజలు పెట్టి మరీ చూపించాను. లెక్క ఎంత బాగుందో అన్నది తప్ప, పొడుగమ్మాయి అది ఎందుకు అడిగిందన్నది నాకు తట్టలేదు. తెలివిగలవాళ్ళకి ఇలా జరుగుతుంటుంది.

ప్రారంభం రోజు మధ్యాహ్నం పెద్దమనిషి ఆలస్యంగా వచ్చాడు. దారిలో వీధి వీధికీ అడ్డంగా తాళ్ళు కట్టి ఆడవాళ్ళు తమ లుంగీలు ఆరేశారట. ప్రతి తాడు దగ్గరా కారాగి, మనుషులు దిగి, తాడు విప్పితే గాని ముందుకు కదల్లేదు. యూనిఫాం లేదు, తెల్ల చొక్కా, పట్టు లుంగీ, సౌమ్యమైన ముఖం. ఊలే పక్కన ముందు వరసలో కూర్చున్నాడు. వెనక కుర్చీల్లో నూనె దుకాణాల గుమాస్తాలని తెచ్చి కూర్చోబెట్టారు. అయినా ఇసుక వేస్తే శుభ్రంగా నేలకి చేరేంత జనమే.

అంపైరు లేడు కాబట్టి సయామే నిచ్చెన కుర్చీ ఎక్కి కూర్చుంది. నా పిల్లలు ఆడరన్న మనిషి మెడలో ఈల వేసుకుని, కొత్త రవికె తొడుక్కుని అంత నిబ్బరంగా కూర్చోవడం నాకు వింతగా తోచింది. ఆవిడకీ ఏదో భయం చూపించి ఉంటారనుకున్నాను. ఆవిడకి భయం ఎలా ఉంటుందో చూడాలని ముఖంకేసి చూశాను. కనిపించలేదు.

నలుగురూ కోర్టులోకి వచ్చారు. మొదటి సర్వీసు పొడుగమ్మాయిది. బంతి ఎగరేసింది, చేతిని విల్లులా వెనక్కి తీసింది, కొట్టింది. బంతి గీత దాటి, రెండు చివర్లా నిలబెట్టిన ఊలే నూనె డబ్బా రేకు బొమ్మల్లో ఒకదానికి తగిలి ఠంగుమంది. బలం కాస్త ఎక్కువైందని మైకులో చెప్పాను. అవతలి అమ్మాయి సర్వీసు నెట్‌లోకి పోయింది. బలం కాస్త తక్కువైందని చెప్పాను. మూడోది నూనె డబ్బాకి, నాలుగోది నెట్‌కి. ఎక్కువ, తక్కువ రెండూ వాడేశాను కాబట్టి మూడో మాట కోసం వెతుకుతుండగా, ఇసుకలో నా వేలితో నేను రాసిన అంకెలు కళ్ళముందుకొచ్చాయి.

నా ఉద్యోగ జీవితంలో నేను మాటలు ఆపింది ఆ క్షణంలోనే. అందుకు జీతం ఇవ్వరని గుర్తొచ్చి వెంటనే మొదలుపెట్టాను. కొత్త ఆట, కొత్త ఇసుక, గాలి కూడా ఉన్నట్టుంది అన్నాను. నాలుగు గోడల మధ్య గాలి ఎక్కణ్ణించి వచ్చిందని ఎవరూ అడగలేదు. సయామ ప్రతి తప్పుకీ ఈల ఊది, చెయ్యి చాపి, పాయింటు ఎవరిదో నిదానంగా చూపిస్తోంది. అంత చక్కటి అంపైరింగు నేను మళ్ళీ చూడలేదు. నియమం ప్రకారం ఏడేసి పాయింట్లకి ఇటువాళ్ళు అటు, అటువాళ్ళు ఇటు మారుతున్నారు. నెట్ పక్కన ఎదురుపడినప్పుడు నలుగురూ ఒకళ్ళ ముఖం ఒకళ్ళు చూసుకోలేదు. చూసుకుంటే నవ్వొస్తుందని తరవాత చెప్పారు.

నాకు భయమేసిందా అంటే వేసింది. కాని దానికంటే, ముందు వరసలో వాళ్ళకి ఎప్పుడు తెలుస్తుందన్న కుతూహలమే ఎక్కువగా ఉంది. పెద్దమనిషి ప్రతి పాయింటుకీ చప్పట్లు కొడుతున్నాడు. ఆయన ఈ ఆట చూడటం అదే మొదలు. ఊలేకి ఇంకా సంతోషంగా ఉంది. బంతి వెళ్ళి ఆయన డబ్బాకి తగులుతుంటే కెమెరా కూడా దాని వెంటే వెళ్తోంది. అంత ప్రకటన డబ్బిచ్చినా దొరకదు. అయినా వ్యాపారి కదా, కాసేపటికి లేచి నా బల్ల దగ్గరికి వచ్చి మైకు చేత్తో మూశాడు.

"ఇలా ఎంతసేపు?"

"ఎవరో ఒకరు తప్పు చేసేదాకా, ఊలే."

"ఇప్పటిదాకా ఎవరూ చెయ్యలేదా?"

"ఒక్కటి కూడా లేదు."

ఆయన వెళ్ళి పెద్దమనిషి చెవిలో చెప్పాడు. పెద్దమనిషి కనుబొమలు ఎత్తి, చేతులు కట్టుకుని, ముందుకి వంగి మరింత శ్రద్ధగా చూడటం మొదలుపెట్టాడు.

ఇరవై ఒకటి దాటింది. అప్పుడు జరిగింది ప్రమాదం. పొడుగమ్మాయి జట్టు సర్వీసు నూనె డబ్బాకి తగలడంతో అవతలి జట్టు ఒక పాయింటు ముందుంది. సర్వీసు వాళ్ళది, వంతు వాళ్ళలో చిన్నపిల్లది. చేతులు అలిసిపోయాయో ఏమో, నెట్‌లోకి కొట్టబోయిన బంతి నెట్ పైపట్టీకి తగిలి, అక్కడ కాసేపు ఆలోచించుకుని, ఇవతలికి జారింది. అది నేలమీద పడితే తేడా రెండు. ఆట అయిపోయినట్టే. కప్పు, పెద్దమనిషి చెయ్యి, అమ్మాయిల ముఖాలు, అన్నీ టీవీలో వస్తాయి. ఆ తరవాత ఏ అమ్మాయి ఏ వీధికి వెళ్ళి ఏం చెప్పుకున్నా ఎవరికీ వినపడదు.

పొడుగమ్మాయి వెనక గీత దగ్గర నిలబడి ఉంది. అక్కణ్ణించి నెట్ దాకా ఆమె పరుగెత్తిందో, పొడుగంతా ఒకేసారి పరిచిందో నాకు తెలియదు. పొట్టమీద జారుకుంటూ వచ్చి, ఇసుకకీ బంతికీ మధ్య చెయ్యి దూర్చింది. బంతి లేచింది. ఆమె జతది దాన్ని నెట్ మీదికి ఎత్తింది. అప్పటికే లేచి నిలబడ్డ పొడుగమ్మాయి ఎగిరి, అవతలికి నెమ్మదిగా తోసింది. అవతల చిన్నపిల్ల కొయ్యబారిపోయింది. ఆమె జతది మాత్రం బంతి కిందికి చక్కగా చేరి, చేతులు కలిపి, చూసేవాళ్ళకి ముచ్చటేసేలా దాన్ని తిన్నగా గోడకి పంపింది. మళ్ళీ సమానం.

నేను మైకులో అరిచాను. ఏ భాషలో అరిచానో తెలియదు, బర్మీస్ కాదని మాత్రం తరవాత చెప్పారు. ఆ ఆట మొత్తంలో వాలీబాల్ ఆడింది ఆ కాసేపే. అంత గొప్పగా ఆడింది ఎవరూ గెలవకుండా ఉండటానికి. పెద్దమనిషి లేచి నిలబడి చప్పట్లు కొట్టాడు. ఆయన్ని తప్పుపట్టలేం, నిజంగానే బాగుంది.

తరవాత మళ్ళీ నూనె డబ్బా, మళ్ళీ నెట్. ముప్పై దాటింది. కరెంటు మీద నమ్మకం లేక దీపాలకి జనరేటరు పెట్టి, ఒక ఆటకి సరిపడా డీజిలు పోయించారు. ఒక ఆటకి సరిపడా అంటే ఎంతో ఆరోజు దేవుడికి కూడా తెలియదు. ఇంకాస్త తెమ్మంటే తెచ్చేవాడు సమ్మెలో ఉన్నాడు. నలభై దాటాక దీపాలు ఎర్రబడ్డాయి, జనరేటరు రెండుసార్లు దగ్గింది, అంతా ఆరిపోయింది. నూనె వ్యాపారి ఇంట నూనె నిండుకుంది. చీకట్లో సయామ ఈల మోగింది. తేడా లేదు, ఆట నిలిచింది, అన్న ఆవిడ గొంతుకి మైకు అక్కర్లేకపోయింది. కప్పు బల్ల మీదే ఉండిపోయింది. పొద్దు ఉండగానే ఇల్లు చేరాలని పెద్దమనిషి వెళ్ళిపోయాడు. పిల్లలు చాలా క్రమశిక్షణ గలవాళ్ళని ఊలేతో అన్నాడట.

ఆట తెలిసినవాడెవడో ఊలేకి విడమరిచి చెప్పేసరికి కొన్ని రోజులు పట్టింది. అప్పటికి మేడ మీద ఎవరూ లేరు. బస్సెక్కినవాళ్ళు బస్సెక్కారు, పడవెక్కినవాళ్ళు పడవెక్కారు. లీగు అక్కడితో సరి. పొడుగమ్మాయి ఇంటివాళ్ళు కూడా ఆ వారంలోనే క్వార్టరు వదిలి వెళ్ళిపోయారు. ఎక్కడికో నాకు తెలుసు, మీకు చెప్పను. పత్రికవాళ్ళు యువతకి సందేశం తప్పకుండా ఉండాలన్నారు కాబట్టి ఇక్కడ పెడుతున్నాను. నియమాల పుస్తకం చివరిదాకా చదవండి. ఎవరూ చదవరు, అందుకే పనికొస్తుంది.

కాని ఆరోజు సాయంత్రానికి ఇవేవీ తెలియవు. బస్సుల్లేవు. లత బజారు నుంచి మా పేటకి ఆమె, నేను నడుచుకుంటూ బయల్దేరాం. ఊలేకి అర్థం కాలేదు, పెద్దమనిషికి అర్థం కాలేదు, ఇంక భయం దేనికని నేనే వాగుతున్నాను. ఆమె వింటూ నడుస్తోంది. జుట్టులోంచి ఇసుక రాలుతూనే ఉంది. రైలు వంతెన దాటాక అడిగింది.

"మా ఈదోల్లకి మాత్రం ఎలా అర్తమవుతాదన్నా? ఆల్లకీ ఈ ఆట తెలవదు గదా."

ముందు వరసని మోసం చేసిన తెలియనితనమే వీధిని కూడా మోసం చేయగలదని నాకు తోచలేదు. వాళ్ళకి కనిపించింది ఒకటే అయి ఉండొచ్చు. తమ వీధి పిల్ల, ఆ పెద్దమనిషి ముందు, ఆట బట్టలు వేసుకుని, టీవీలో.

వీధి మొదట్లో పప్పు వడలు వేసే ముసలమ్మ బాణలి ముందు కూర్చుని ఉంది. అటూ ఇటూ గుమ్మాల్లో ఆడవాళ్ళు కూర్చుని ఉన్నారు, మమ్మల్ని చూడగానే మాటలు ఆపారు. పొడుగమ్మాయి ఆగిపోయింది. ముసలమ్మ తలెత్తలేదు. వడలు ఒక్కొక్కటే తిప్పింది. తిప్పాల్సినవి అయిపోయాక, తిప్పినవే మళ్ళీ తిప్పింది. గుమాస్తా కూర్చున్న స్టూలు పక్క దుకాణంలో ఖాళీగా ఉంది. ఇంకాసేపు అలాగే ఉంటే నేను ఏదో ఒక వేళాకోళం ఆడి అంతా పాడుచేసి ఉండేవాణ్ణి.

"మా ఇంట్లో టీవీ ఎట్టలేదు" అంది ముసలమ్మ, వడలతో.

ముసలమ్మ ఒక వడ తీసి నూనె ఓడ్చింది.

"నలబై దాటినా సమానమేనంట గదా. సెప్పుకుంటన్నారు."

గుమ్మాల్లో ఒకామె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆ వీధిలో ఆరోజు ఎవరూ టీవీ పెట్టలేదు, స్కోరు మాత్రం అందరికీ తెలుసు.

ముసలమ్మ అప్పుడు తలెత్తి ఆమెని కింది నుంచి పైదాకా చూసింది. చూడ్డానికి కాస్త సమయం పట్టింది, అంత పొడుగు కదా. "ఇంత మానులాగ ఎదిగినావు. గీత లోపల ఒక్క బంతి ఎయ్యడం రాదేటే నీకు?"

"నేర్సుకుంటన్నాను పెద్దమ్మా" అంది పొడుగమ్మాయి.

"నేర్సుకోకు" అని ముసలమ్మ కాగితంలో నాలుగు వడలు చుట్టి ఆమె చేతిలో పెట్టింది. డబ్బు తియ్యబోతే చెయ్యి మీద చిన్నగా కొట్టింది.

నేనూ చెయ్యి చాపాను. నువ్వు సానా వాగినావు అని నా దగ్గర డబ్బులు పుచ్చుకుంది. టీవీ పెట్టని మనిషికి అది ఎలా తెలిసిందని అడగబోయి, వడ నోట్లో పెట్టుకున్నాను.